ఆమె భాషలో వివరించడమైనది

ఏప్రిల్ 7, సోమవారం

ఈ పుస్తకం పొరపాటున ఎవరి చేతికైనా వస్తే ముందుగా క్షమాపణ అడుగుతున్నాను. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు తప్పుతాయి. చాట్రాయి బడిలో ఏడు వరకే చదివాను. ఎనిమిదిలో చేరిన నెలకే అమ్మ మంచం పట్టింది. ఆ తర్వాత నాన్న కిరాణా కొట్లో కూర్చుని నేను రాసిందల్లా పొట్లాల మీద కందిపప్పు, చింతపండు అనే మాటలే. అయినా ఇది ఎవరి కోసమూ రాయడం లేదు. నాకు దొరికిన మాటలు పోకుండా దాచుకోవడానికి రాస్తున్నాను.

మా అత్తవారింట్లో ఒక అలవాటుంది. నా ముందు మాట్లాడకూడనిది ఏదైనా వస్తే మా ఆయన, ఆడపడుచు శ్వేత ఇంగ్లీషులోకి వెళ్ళిపోతారు. అత్తయ్యగారు ఇంటరు చదివారు కాబట్టి వాళ్ళు ఇంగ్లీషులో అన్నదానికి తెలుగులో జవాబు చెప్తారు. నాకు సగం సంగతులు ఆవిడ జవాబుల్లోనే దొరుకుతాయి.

మామయ్యగారు నూజివీడు మామిడి మండీలో తువాలు కప్పి, దాని కింద కొనేవాళ్ళ వేళ్ళు పట్టుకుని బేరం చేస్తారు. పక్కనే నిలబడ్డ రైతుకి తన కాయ ఎంతకి పోయిందో మామయ్యగారు నోటితో చెప్పేదాకా తెలియదు. మా ఇంట్లో తువాలు బదులు ఇంగ్లీషు.

ఈ రోజు అన్నాల దగ్గర పట్టుకున్న మాటలు: ఇష్యూ. వెయిట్ అండ్ సీ. హౌ లాంగ్. వాటికి అత్తయ్యగారి జవాబు, "ఈ సీజన్ దాకా. ఆ పైన నా వల్ల కాదు."

ఏప్రిల్ 8

కషాయం మొదలుపెట్టి పదకొండు నెలలు. నా కూతురు అమ్ములుకి రెండేళ్ళు నిండగానే, నేను మళ్ళీ నెల తప్పాలని అత్తయ్యగారు విస్సన్నపేట వైద్యుడి దగ్గర మూలికలు తెప్పించారు. రోజూ పరగడుపున ఒక గ్లాసు. తెల్లవారుజామునే ఆవిడే స్వయంగా కాచి పోస్తారు. వేపచెక్క, ఇంకేవో వేర్లు. నాలుక మీద మధ్యాహ్నం దాకా ఉంటుంది. ఏ కూర తిన్నా అదే రుచి.

నేను తాగేటప్పుడు ఆయన ఎదురుగానే కూర్చుని ఫోను చూసుకుంటారు, నా వంక చూడరు. నేను ఇబ్బంది పడటం ఆయన చూడలేరు. మంచివారు.

ఏప్రిల్ 11

సీజన్ మొదలైంది. ఇంటి వెనక షెడ్డులో కూలీలు పెట్టెలు కడుతున్నారు. చుట్టాలకి, అధికారులకి పంపే పెట్టెలు మాత్రం ఇంటి ఆడవాళ్ళే సర్దాలని మా ఇంట్లో పద్ధతి. అంటే నేను. కింద వరిగడ్డి, పైన కాగితం, దాని మీద బంగినపల్లి కాయలు తొడిమ కిందికి ఉండేలా. లీదియా అని పాత మనిషి, ఈ షెడ్డులో నా కంటే ముందు నుంచి ఉంది, ఆవిడే నాకు నేర్పింది.

చిత్తుకాగితాలు ఎక్కువగా యూనివర్సిటీ హాస్టళ్ళ నుంచి వస్తాయి. పిల్లలు పరీక్షలు రాసి పారేసిన నోట్సు, ఇంగ్లీషు పేపర్లు. కాయల కింద వేసే ముందు నేను ఒక్కొక్క కాగితం కూడబలుక్కుని చదువుతాను. ఈ రోజు ఒక కట్టలో అట్ట లేని చిన్న ఇంగ్లీషు తెలుగు నిఘంటువు దొరికింది. మొదటి పేజీలు, ఏ బీ సీ డీలు, చిరిగిపోయాయి. ఇంగ్లీషు 'ఈ' అక్షరం నుంచి మొదలవుతుంది. చీర కుచ్చిళ్ళలో దోపుకుని తెచ్చాను.

ఇష్యూ: సమస్య, వివాదం, సంతానం.

మూడూ రాసుకున్నాను. మా ఇంట్లో మూడిటికీ ఒకటే మనిషి.

ఏప్రిల్ 14

హౌస్ అంటే ఇల్లు. వైఫ్ అంటే భార్య. రెండూ కలిపితే ఇంటికి భార్య అవ్వాలి కదా. గృహిణి అని రాసుంది. నాకు నేననుకున్నదే నయమనిపించింది.

సిస్టర్ ఇన్ లా: వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు. నలుగురికీ ఒకటే మాట. నలుగురూ ఒక ఇంట్లో ఉంటే ఆ దేశంలో ఎవర్ని ఎవరు పిలిచారో ఎలా తెలుస్తుందో. శ్వేతని అడిగాను. నవ్వి, "వాళ్ళు పేర్లు పెట్టి పిలుచుకుంటారు వదినా, నీకెందుకివన్నీ" అంది. మంచి పిల్లే. నన్ను చూసి నవ్వడం తప్ప వేరే చెడ్డ గుణం లేదు.

గుడ్ న్యూస్: శుభవార్త. నిఘంటువులో అంతే. మా ఇంట్లో ఆ రెండు మాటలూ కలిపి అన్నారంటే ఒకటే అర్థం. మామయ్యగారికి మండీలో ఎంత మంచి జరిగినా దాన్ని గుడ్ న్యూస్ అనరు.

ఏప్రిల్ 20, ఆదివారం

అత్తయ్యగారి అన్నయ్య, విస్సన్నపేట మావయ్యగారు వచ్చారు. ఈ రోజు ఎవరూ ఇంగ్లీషు మాట్లాడలేదు. నేను మజ్జిగ తెస్తుంటే వినపడాలనే అన్నట్టు అత్తయ్యగారు తెలుగులోనే చెప్పారు. "సీజన్ అయ్యాక వాళ్ళ నాన్నని పిలిపిస్తాం అన్నయ్యా. ఇంత మండీకి ఒక్క ఆడపిల్లతో సరిపెట్టుకోమంటే ఎలా? ఈ అమ్మాయి పుట్టింట్లో ఉంటే ఉంటుంది. అమ్ములు మాత్రం మా ఇంటి పిల్ల, ఇక్కడే పెరుగుతుంది."

గ్లాసులు అందరికీ ఇచ్చాను. ఆయనకి ఇచ్చేటప్పుడు మాత్రం ఆగాను, ఏమైనా అంటారేమోనని. మజ్జిగలో ఉప్పు తక్కువైందన్నారు.

పెద్దవాళ్ళ ముందు ఎదురు చెప్పరు ఆయన. తర్వాత చెప్తారు.

ఏప్రిల్ 23

ఇంకా చెప్పలేదు. మండీలో తీరిక లేదు.

ఏప్రిల్ 29

మళ్ళీ బయట చేరాను. అత్తయ్యగారు వంటింటి గడపలో నన్ను చూసి పళ్ళెం నేల మీద పెట్టి వెళ్ళారు. ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

ఆయన సాయంత్రం అమ్ములుకి బొమ్మ తెచ్చారు, నాకు మల్లెపూలు తెచ్చారు. మంచివారు. ఇంట్లో నా వైపు ఉన్న మనిషి ఆయనొక్కరే.

మే 6

మండీ ఆఫీసులో చెదలు పట్టిందని మామయ్యగారు నిన్న బీరువాలన్నీ ఖాళీ చేయించారు. పాత ఫైళ్ళు మూడు గోతాల్లో వచ్చాయి. పెట్టెల్లోకి పనికొస్తాయని షెడ్డులో కుమ్మరించారు. ఆయన నిన్నటి నుంచి తిరువూరు వైపు తోటలు చూడటానికి వెళ్ళారు, ఈ సంగతి తెలియదు.

ఆ కుప్పలోంచే కాగితాలు తీసి చదువుతున్నాను. అంతా ఇంగ్లీషు. మధ్యలో ఒకచోట తెలుగు అక్షరాలు కనపడ్డాయి. వంకర టింకరగా, గీత దాటి కిందికి జారిపోతూ ఉన్నాయి. ఎవరో పాపం సరిగ్గా రాయడం రానివాళ్ళు అనుకున్నాను.

వాసవి అని ఉంది. నా సంతకం.

మూడు కాగితాలు పిన్ను కొట్టి ఉన్నాయి. పైన విజయవాడ ఆసుపత్రి పేరు, అమ్ములు పుట్టిన తేదీ. నా సంతకం కింద ఆయన సంతకం కూడా ఉంది, ఇంగ్లీషులో. నాకు ఫిట్స్ వచ్చిన రోజు అది. కళ్ళు మసకలు. ఆయన అట్ట పట్టుకుని "ఇక్కడ పెట్టు, ఆపరేషన్ చెయ్యాలంట" అన్నారు. పెట్టాను. ఆయన పక్కనే నిలబడి ఉన్నారు, అందుకే నేను భయపడలేదు.

కాగితాలు మడిచి నిఘంటువులో పెట్టాను. నావే కదా.

మే 7

ఎక్స్‌ప్లెయిన్: వివరించు. ఓన్: సొంత. లాంగ్వేజ్: భాష. పేషెంట్: రోగి, ఓర్పు గలవాడు.

ఆ మూడో కాగితంలో ఒక వాక్యం పూర్తిగా కుదిరింది. ఒక పూట పట్టింది. "పై విషయాలన్నీ నాకు నా సొంత భాషలో వివరించడమైనది, నేను అర్థం చేసుకున్నాను." దాని కింద నా సంతకం.

ఏం వివరించారో గుర్తు లేదు. ఒంట్లో బాగాలేదు కదా, మర్చిపోయి ఉంటాను.

పై వాక్యంలో ఒక మాట నిఘంటువులో లేదు. పెద్ద మాట. 'ట్యూ' తో మొదలవుతుంది. రెండో కాగితంలోనూ అదే ఉంది.

మే 9

ఆయన వచ్చారు. ఆ మాట చిన్న ముక్క మీద రాసి, పేపర్లో చూశానని చెప్పి అన్నం దగ్గర అడిగాను. ట్యూబెక్టమీ అంటే ఏంటండీ అని.

కలుపుతున్న చెయ్యి ఆగింది. తర్వాత, "అదా, డ్రిప్పు ట్యూబులు. తోటల్లో వేస్తారే, వాటికి సంబంధించింది" అన్నారు. ఆ చిత్తుకాగితాలు చదివి కళ్ళు పాడు చేసుకోకు అన్నారు. భోజనం అవ్వగానే షెడ్డులోకి వెళ్ళి చాలాసేపు కుప్పలు తిరగేశారు. ఏం వెతుకుతున్నారని లీదియా అడిగితే ఏదో బిల్లు అన్నారట.

డ్రిప్పు. మరి ఆసుపత్రి కాగితంలో తోటల డ్రిప్పు ఎందుకుంటుంది? సెలైన్ డ్రిప్పు అయి ఉంటుంది. నాకు రెండు రోజులు సెలైన్ పెట్టారు. దానికి కూడా సంతకం తీసుకుంటారేమో. పెద్ద ఆసుపత్రి కదా.

డ్రిప్పే.

మే 10

ఆసుపత్రి కాగితంలో ఇంకో చోట డ్రిప్పు అనే మాట ఆ పెద్ద మాటకి వేరేగా, చిన్నగా ఉంది. నిఘంటువులో 'ఈ' కంటే ముందు వచ్చే అక్షరం కాబట్టి చూడటానికి లేదు. కానీ చదవగలను. డి, ఆర్, ఐ, పి.

మే 13

ఆ కాగితాన్ని లీదియాకి చూపించాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు, తెలుగు కూడా కూడబలుక్కుంటుంది. అందుకే చూపించాను. ఎవరికో ఒకరికి చూపించాలి, అర్థం కాని వాళ్ళకి చూపిస్తే ప్రమాదం లేదనుకున్నాను.

ఆవిడ కాగితం దూరంగా పట్టుకుని చూసి, వేలితో సరిగ్గా ఆ మాట మీద కొట్టింది. "ఈ ముక్క నా కార్డు మీద ఉందమ్మా. బ్యాంకులో చూపిస్తే డబ్బులు వేశారే, ఆ కార్డు. రెండోవాడు పుట్టాక చేయించుకున్నా కదా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. అదే ఈ ముక్క."

నేను పెట్టెలో గడ్డి సరిచేశాను.

"ఇది ఎవరిదమ్మా?" అంది. తర్వాత కింద నా పేరు కనపడినట్టుంది. చాలాసేపు కాయ తుడుస్తూ కూర్చుంది. అప్పుడంది, "మా ఊరి నర్సమ్మ మూడు రోజులు మా ఇంటికి తిరిగింది. చేయించుకో అని కాదు, బాగా ఆలోచించుకో అని. నాకు చెప్పి చేశారమ్మా."

ఈ రోజు పదహారు పెట్టెలు సర్దాను. ఒక్క కాయా దెబ్బ తినలేదు.

నాకూ ఇంకొకరు కావాలని ఉండేది. ఎవరికీ చెప్పలేదు. మగపిల్లాడే అని కాదు. అమ్ములు ఒక్కతే గోడతో మాట్లాడుకుంటూ ఆడుకుంటుంది. ప్రతి నెలా రెండు రోజులు ఆలస్యమైతే నేను వేళ్ళ మీద లెక్క పెట్టుకునేదాన్ని. అది ఆయనకి తెలుసు. ఒకసారి నేను లెక్కపెడుతుంటే చూసి, ఈసారి అవుతుందిలే అన్నారు.

ఈసారి అవుతుందిలే అన్నారు.

మే 14

కషాయం తాగాను.

మే 15

తాగాను. ఆయన ఎదురుగా కూర్చున్నారు. ఈ రోజు నేను గ్లాసు దించకుండా ఆయన్నే చూస్తూ తాగాను. ఫోనులోంచి తల ఎత్తలేదు.

మే 17

మధ్యాహ్నం కూలీలు అన్నాలకి వెళ్ళినప్పుడు ఆయన షెడ్డులోకి వచ్చారు, మళ్ళీ కుప్పలు చూడటానికి. అక్కడ లేవండీ, నా దగ్గర ఉన్నాయి అన్నాను.

గడ్డి మోపు మీద కూర్చుండిపోయారు. అబద్ధం చెప్పలేదు, అది రాసుకోవాలి. అన్నీ చెప్పారు. నాకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయట, ఇంకో కాన్పు వస్తే ప్రాణానికి ప్రమాదమని డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పిందట. పొట్ట కోసినప్పుడే అది కూడా చేసేస్తే మంచిదందట. సంతకం కావాలంది.

"నీ ప్రాణం కోసమే చేశాను వాసవీ" అన్నారు.

ఆ మాట నిజమే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తోంది. ఆ రోజు ఆ సంగతి నాకు చెప్పి ఉంటే నేనే పెట్టేదాన్ని సంతకం. ఏడ్చి పెట్టేదాన్ని. మూడేళ్ళుగా ఎందుకు చెప్పలేదని అడిగాను. వాళ్ళమ్మకి తెలిస్తే గొడవ అవుతుందన్నారు. తను ఒప్పుకుని చేయించారని తెలిస్తే వాళ్ళ నాన్న మండీలో కూర్చోనివ్వరన్నారు. తర్వాత చెప్దామనుకుంటే రోజులు గడిచిపోయాయన్నారు.

"మరి కషాయం?"

కాసేపు గడ్డిపరక విరిచారు. "వేపచెక్కే కదా. ఒంటికి మంచిదే. అమ్మ మనసు కోసం ఇంకొన్నాళ్ళు తాగు. నేను సమయం చూసి చెప్తాను."

సరే అన్నాను.

రెండు గంటల నుంచి ఆలోచిస్తున్నాను, ఎందుకు సరే అన్నానో. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. మగవాళ్ళు ఏడిస్తే చూడలేను. అదొక కారణం. రెండోది, నాకు ఆ మాట అలవాటు.

మే 18

సీజన్ హడావిడి తగ్గాక చెప్తారు.

మే 26

బంగినపల్లి అయిపోయాక చెప్తారట. తాగాను.

జూన్ 3

రసాలు అయ్యాక.

జూన్ 4

శ్వేత, ఆయన అన్నాల దగ్గర ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. శ్వేత అడిగింది, వదిన వెళ్ళిపోతే అమ్ములు ఎవరి దగ్గర పడుకుంటుంది అని. ఆయన, అలవాటైపోతుంది అన్నారు. టైమ్ అన్నారు, హీల్ అన్నారు. రెండు మాటలూ నాకు తెలుసు. కాలం. మాన్పు.

అంటే నేను వెళ్ళాక ఏం చెయ్యాలో ఆలోచించుకున్నారు. చెప్పాల్సిందేదో చెప్పడం గురించి కాదు, చెప్పకపోతే ఏమవుతుందో దాని గురించి.

అమ్ములుకి పెరుగన్నం తినిపిస్తున్నాను. ముద్ద చేతిలోనే ఆరిపోయింది.

జూన్ 10

మూడో కాగితంలో చివరి వరుస ఇప్పటిదాకా చదవలేదు. ఆయన సంతకం పైన చిన్న అక్షరాల్లో ఉంది. ఈ రోజు చదివాను.

ఇంటర్‌ప్రెటర్: ఒకరి మాటను మరొకరికి వారి భాషలో చెప్పువాడు, దుబాసీ.

"పై విషయాలను రోగికి ఆమె భాషలో తెలియజెప్పినవారి సంతకం." అక్కడ ఆయన సంతకం. సాక్షిగా పెట్టారనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. నాకు దుబాసీ ఆయనే.

జూన్ 17

ఆదివారం నాన్నని రమ్మన్నారు. ఫోనులో నాన్న, "ఏంటమ్మా విషయం?" అన్నాడు. మామిడిపళ్ళు పెడతారు నాన్నా, రా అన్నాను.

ఆయన్ని అడిగాను, ఆదివారం లోపు చెప్తారా అని. ఆ రోజే చెప్తాను, అందరూ ఉంటారు కదా అన్నారు. నమ్మాను.

జూన్ 22, ఆదివారం

అన్నీ జరిగినవి జరిగినట్టు రాస్తాను.

హాల్లో మామయ్యగారు, అత్తయ్యగారు, విస్సన్నపేట మావయ్యగారు సోఫాల్లో కూర్చున్నారు. నాన్న ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఆయన గుమ్మం పక్కన నిలబడ్డారు. శ్వేత అమ్ములుని ఎత్తుకుంది.

అత్తయ్యగారు మాట్లాడారు. గట్టిగా కాదు, మర్యాదగానే. మీ అమ్మాయి మీద మాకు కోపం లేదండీ, ఏడాది చూశాం, మందులు పోశాం, మొక్కులు మొక్కాం, భగవంతుడు ఇవ్వలేదు అన్నారు. కొన్నాళ్ళు మీ దగ్గర ఉంచుకోండి అన్నారు. పిల్ల ఇక్కడే ఉంటుందన్నారు. కొన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళు అని నాన్న అడగలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వింటున్నాడు.

నేను ఆయన్ని చూశాను. ఆయన నేలని చూస్తున్నారు. చాలా సమయం ఇచ్చాను. విస్సన్నపేట మావయ్యగారు దగ్గి గొంతు సవరించుకునేంత సమయం, నాన్న కండువాతో మొహం తుడుచుకునేంత సమయం.

లోపలికి వెళ్ళి కాగితాలు తెచ్చాను. నాలుగేళ్ళలో మామయ్యగారి ముందు నేను గొంతు పైకి తీసి మాట్లాడింది లేదు. నిలబడి చదివాను. ముందు ఇంగ్లీషులో చదివాను, తర్వాత తెలుగులో చెప్పాను. అమ్ములు పుట్టిన రోజే నాకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారని చెప్పాను. ఎందుకు చేశారో కూడా చెప్పాను.

అందరికంటే ముందు మాట్లాడింది శ్వేత. "వదినా, నీకు ఇంగ్లీషు ఎప్పటి నుంచి వచ్చు?" అంది. మొహం పాలిపోయింది. నాలుగేళ్ళలో నా ముందు ఏమేం మాట్లాడుకున్నారో వెనక్కి వెతుక్కుంటున్నట్టుంది.

విస్సన్నపేట మావయ్యగారు కాగితం తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "ఈ సంతకం ఎవరిది?" అన్నారు. నాదేనండీ అన్నాను. "నీ సొంత భాషలో వివరించారని, అర్థమైందని రాసి నువ్వే సంతకం పెట్టావు కదమ్మా. అంటే నీకు తెలుసు."

హాలంతా ఒక్కసారి నా వైపు తిరిగింది.

"తెలిసి," అన్నారు అత్తయ్యగారు. "తెలిసి ఏడాది పాటు నా చేత కషాయం కాయించావా? తెల్లవారుజామున లేచి కాచాను కదే. తాగుతూ నా మొహం ఎలా చూశావు?"

ఆవిడ ఏడుపు నిజం. అది కూడా రాసుకోవాలి.

నాన్న తల దించుకున్నాడు. నాన్న కూడా నమ్మాడు. కాగితం మీద ఉంది మరి, కూతురి సంతకం అది. ఆయన నోరు తెరిస్తే అయిపోయేది. తెరవలేదు. ఇంకా నేలనే చూస్తున్నారు. అప్పుడు అర్థమైంది నాకు, ఆయన ఇలా అవుతుందని ఆశపడుతున్నారు. నేనే దాచానని అందరూ అనుకుంటే ఆయనకి గొడవ లేదు.

కాగితం విస్సన్నపేట మావయ్యగారి చేతిలోంచి తీసుకున్నాను. మా ఆయన దగ్గరికి వెళ్ళి, చివరి వరుస మీద వేలు పెట్టి, అక్కడ ఏముందో తెలుగులో చదివి వినిపించాను. రోగికి ఆమె భాషలో తెలియజెప్పినవారి సంతకం. ఇది మీదే కదండీ అన్నాను.

"మీదే. మరి ఆ రోజు నాకు ఏమని చెప్పారో ఇక్కడ మళ్ళీ చెప్పండి. ఏ భాషలో చెప్పారో ఆ భాషలోనే చెప్పండి. అందరూ వింటారు."

అమ్ములు నాన్నా అని చెయ్యి చాపింది. శ్వేత ఆ చెయ్యి పట్టుకుని దించింది.

"చెప్పలేదు" అన్నారు.

నాన్న తల ఎత్తాడు. "ఏంటి బాబూ?"

"చెప్పలేదండీ. తనకేమీ తెలియదు."

మళ్ళీ నేలని చూశారు. అత్తయ్యగారు కొడుకుని చూస్తూ అలాగే ఉన్నారు. తర్వాత "ఆ ముక్క నాకు చెప్తే నేను కషాయం పోస్తానట్రా" అన్నారు. అది ఆయనతో అన్నారు. నాతో ఏమీ అనలేదు. మామయ్యగారు, ఇంటి విషయం ఇంట్లోనే ఉండనివ్వండి బావగారూ అని నాన్నతో చెప్పి, శ్వేతని కాఫీ పెట్టమన్నారు. నన్ను పంపే మాట ఎవరూ ఎత్తలేదు. అమ్ములు మాట కూడా ఎత్తలేదు.

నాన్న కాఫీ తాగలేదు. గుమ్మం దాకా వెళ్ళాక, "ఆ కాగితం నాకియ్యమ్మా, నా దగ్గర ఉంటుంది" అన్నాడు. ఇచ్చాను. చొక్కా లోపలి జేబులో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

జూన్ 23

ఈ రోజు కషాయం లేదు.

అన్నాల దగ్గర ఎవరూ ఇంగ్లీషు మాట్లాడలేదు. తెలుగు కూడా మాట్లాడలేదు. అన్నం పెట్టమని కంచం జరిపారు, పెట్టాను.

ఆయన గదిలో, "అందరి ముందు అలా అడగాల్సింది కాదు. నేను చెప్పేవాణ్ణే" అన్నారు. ఎప్పుడు అని అడగలేదు.

జూన్ 26

అత్తయ్యగారి చుట్టాలకి అప్పుడే ఒక కథ వెళ్ళింది. కోడలికి ప్రాణం మీదకి వస్తే తన కొడుకు మనోజ్ దగ్గరుండి కాపాడుకున్నాడట, తల్లి బాధపడుతుందని మూడేళ్ళు గుండెల్లో దాచుకున్నాడట. ఫోనులో చెప్తుంటే విన్నాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నేను మాత్రం ఎక్కడా లేను.

అమ్ములుని బళ్ళో వేస్తున్నారు, ఇంగ్లీషు మీడియం. తొందరలోనే చదవడం వస్తుంది. అందుకే ఈ పుస్తకం రాయడం ఆపేస్తున్నాను. నా చేత్తో నేను కాల్చలేకపోతున్నాను, రెండుసార్లు పొయ్యి దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చాను. మీరెవరైనా సరే, ఇది దొరికితే మొదటి పేజీ నుంచి పొయ్యిలో పెట్టండి. ముఖ్యంగా ఏప్రిల్ నెల. వాటిలో ఆయన మంచివారని రాసుంది. ఎవరూ చెప్పి రాయించలేదు, వివరించలేదు. నా చేతిరాతే. నా చేతిరాత నా మీద ఎలా సాక్ష్యం చెప్తుందో ఒకసారి చూశాను, రేపు నా కూతురు దాన్ని పట్టుకుని నన్ను అడగకూడదు.